ప్రభుత్వం అప్పు, పార్టీల మాట, మన పిల్లల ఉద్యోగం: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురంలో 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఎవరో ఒకరు ఆగి, "మాస్టారూ, ఒక్క మాట" అంటారు. మన ఇళ్లలో తెలుగు చానల్ పెడితే ఆంధ్రా అప్పుల గొడవ, ఒడియా చానల్ పెడితే మహిళలకిచ్చే సుభద్ర పథకం డబ్బు ఎప్పుడు పడుతుందన్న వార్త. రెండూ వినేసరికి జనానికి అయోమయంగా ఉంటుంది. పదే పదే అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసింది ఇక్కడ రాసి పెడుతున్నాను. సరిహద్దులో ఉన్నవాళ్లం కాబట్టి రెండు రాష్ట్రాలనూ పక్కపక్కన పెట్టి చూసే వీలు మనకి ఉంది. భువనేశ్వర్‌లోనో అమరావతిలోనో కూర్చున్నవాళ్లకి అది అంత తేలిక కాదు.

ఆంధ్రా అప్పుల్లో మునిగిపోయిందనీ, ఒడిశాకి అప్పే లేదనీ అంటారు. నిజమేనా?

సగం నిజం. ఒడిశాకి అప్పు ఉంది, కాకపోతే రాష్ట్ర ఆదాయంతో పోలిస్తే తక్కువ. రాష్ట్రంలో ఏడాది మొత్తం జరిగే ఉత్పత్తి విలువని 100 రూపాయలనుకుంటే, ఒడిశా ప్రభుత్వం అప్పు 20 రూపాయల లోపే. ఆంధ్రాది 30 దాటింది. 2025 జనవరిలో నీతి ఆయోగ్ 18 పెద్ద రాష్ట్రాల ఆర్థిక ఆరోగ్యం మీద ఒక సూచీ విడుదల చేసింది. 2022-23 లెక్కల ప్రకారం అందులో ఒడిశా 67.8 మార్కులతో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్ 20.9తో కింది నుంచి రెండో స్థానం. అట్టడుగున పంజాబ్.

సరిహద్దు ఊరు ఇచ్ఛాపురం దాటితే మార్కులు ఇంతలా మారిపోతాయి. అటు పొలమూ ఇటు పొలమూ ఒకటే, మాటా ఒకటే, పెళ్లి సంబంధాలూ అటూ ఇటూ కలిసినవే. మరి పిల్లల బతుకులో ఆ తేడా ఎంత కనిపిస్తోంది? ఆ ప్రశ్న వెంటే మిగతావన్నీ వస్తాయి.

ఒడిశా ఇంత తక్కువ అప్పుతో ఎలా నెట్టుకొస్తోంది?

ఈ కథ వయసులో ఉన్నవాళ్లకి తెలియదు, చెప్పేవాళ్లూ తక్కువ. 2000 తర్వాత తొలి ఏళ్లలో ఒడిశా దేశంలోనే బాగా చితికిపోయిన రాష్ట్రాల్లో ఒకటి. 1999 అక్టోబరు 29న వచ్చిన పెను తుపాను దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. అప్పు రాష్ట్ర ఉత్పత్తిలో సగం దాటింది. ఖజానాలో డబ్బు లేదు.

అక్కడి నుంచి మూడు సంగతులు రాష్ట్రాన్ని పైకి తెచ్చాయి. మొదటిది కట్టుబాటు: 2005లో రాష్ట్రం లోటుకి పరిమితి పెట్టుకుంటూ చట్టం చేసింది. 2005-06 నుంచి రెవెన్యూ ఖాతాలో మిగులు చూపిస్తూ వచ్చింది, అంటే జీతాలు, పింఛన్లు, వడ్డీ లాంటి రోజువారీ ఖర్చు రాబడిలోంచే తీర్చుకుంటోంది. రెండోది గనులు. పాత ఇనుప గనుల లీజులు 2020 మార్చితో ముగిసిపోతే వేలం వేశారు, కంపెనీలు ఎగబడి పాడాయి. దాంతో 2021-22లో గనుల రాబడి 50 వేల కోట్ల దగ్గరకు వెళ్లింది. కెందుఝర్, సుందర్‌గఢ్ కొండల్లోని ఇనుము మన రాష్ట్ర బడ్జెట్‌కి వెన్నెముక అయింది.

మూడోదాన్ని ఏ పార్టీ వేదిక మీదా చెప్పుకోదు. ఉద్యోగాలు నింపలేదు. పోస్టులు రద్దు చేశారు, ఖాళీలు అలాగే వదిలేశారు, తీసుకున్న కొద్దిమందినీ కాంట్రాక్టు మీద తీసుకున్నారు. బడిలో శిక్షా సహాయక్ అనే పేరుతో చేరిన మా విద్యార్థులు కొందరు ఉన్నారు. పక్క గదిలో రెగ్యులర్ టీచరు చెప్పే పాఠమే వీళ్లూ చెప్పేవారు. జీతం మాత్రం అందులో చిన్న ముక్క. ఒకమ్మాయి పెళ్లిచూపుల్లో "గవర్నమెంటు టీచరు" అని చెప్పాలో వద్దో తెలియక ఏడ్చింది. 2013లో గ్రూప్-సి, గ్రూప్-డి పోస్టులకి ఆరేళ్ల కాంట్రాక్టు తర్వాతే రెగ్యులర్ అని రూలే పెట్టారు. చివరికి 2022 అక్టోబరులో నవీన్ పట్నాయక్ ప్రభుత్వం ఆ పద్ధతి రద్దు చేసి, 57 వేల మందికి పైగా ఉద్యోగాలు రెగ్యులర్ చేసింది. అప్పటికి ఒక తరం వయసు దాటిపోయింది.

అందుకే "ఒడిశాకి అప్పు తక్కువ" అని ఎవరైనా గొప్పగా చెబితే నాకు ఆ అమ్మాయి గుర్తొస్తుంది. ఖజానా బాగుపడటం మంచిదే, కాదనను. ఆ బాగుకి కొంత ధర మన ఇళ్లు చెల్లించాయి.

అప్పు తక్కువ ఉన్న రాష్ట్రమైతే మా కుర్రాళ్లు సూరత్ ఎందుకు పోతున్నారు?

ఎందుకంటే ఖజానా నిండటం వేరు, ఊళ్లో పని పుట్టడం వేరు. గనుల డబ్బు పై జిల్లాల్లో పుట్టి భువనేశ్వర్ ఖాతాలో పడుతుంది. మన గంజాం, గజపతి జిల్లాల్లో ఏటా వేలమంది చదువు ముగిస్తుంటే, వాళ్లని పిలిచి పని ఇచ్చే చోటు లేదు. దశాబ్దాలుగా ఆ ఖాళీని పూరిస్తున్నది సూరత్ పవర్‌లూములు. గంజాం వాళ్లు అక్కడ లక్షల్లో ఉన్నారు. షిఫ్టు 12 గంటలు, కూలీ మీటరు లెక్కన.

బరంపురం స్టేషన్‌లో అహ్మదాబాద్ ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకి ఒకసారి నిలబడి చూడండి. ఇరవై ఏళ్ల కుర్రాడు, భుజాన బ్యాగు, చేతిలో అమ్మ కట్టిన అటుకుల మూట. జనరల్ బోగీ కిటికీలోంచి ముందు బ్యాగు తోసి, తర్వాత మనిషి దూరతాడు. తండ్రి ప్లాట్‌ఫాం మీద నిలబడి ఫోన్ నంబరు మళ్లీ చెప్పించుకుంటాడు. అదే రైలు పలాసలో ఆగుతుంది, అక్కడ ఆంధ్రా కుర్రాళ్లు ఎక్కుతారు. రాయగడలో మళ్లీ ఒడిశా కుర్రాళ్లు. 67.8 మార్కుల రాష్ట్రం పిల్లవాడూ 20.9 మార్కుల రాష్ట్రం పిల్లవాడూ ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చుంటారు.

అప్పు గురించి పార్టీలు చేసే వాదనల్లో నాకు లోటుగా కనిపించేది ఇదే. అప్పు పెద్దదైనా చిన్నదైనా ఆ బెంచీ ఖాళీ అవ్వలేదు. 2025 సెప్టెంబరు 27న ప్రధాని ఝార్సుగూడలో జెండా ఊపి, బరంపురం నుంచి సూరత్ పక్కనున్న ఉధ్నాకి కొత్త అమృత్ భారత్ రైలు ప్రారంభించారు. కూర్చోవడానికి చోటు దొరుకుతుందని మా వీధిలో ఇళ్లన్నీ సంతోషించాయి, నేనూ సంతోషించాను. కాని మన ప్రాంతానికి పెద్ద కానుక ఊరు వదిలి వెళ్లే రైలే అయిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దేశంలో నిరుద్యోగం 3.2 శాతమే అని టీవీలో చెప్పారు. మా వీధిలోనే పదిమంది ఖాళీగా ఉన్నారు కదా?

ఆ లెక్క అబద్ధం కాదు, దాని అర్థం వేరు. 2017-18 నుంచి కేంద్రం ఎవరికి పని ఉందో తెలుసుకోవడానికి పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే సర్వే చేస్తోంది. మొదటి ఏడాది నిరుద్యోగం 6.1 శాతం, 2023-24లో 3.2 శాతం. అయితే అందులో ఏడాదికి కనీసం 30 రోజులు ఏదో ఒక పని చేసినవాళ్లు కూడా పని ఉన్నవాళ్ల కిందే వస్తారు. వారం లెక్క ఇంకోటి ఉంది, అందులో ఏడు రోజుల్లో ఒక్క గంట పని దొరికినా చాలు.

మా ఎదురింట్లో పట్టు నేస్తారు. బరంపురం పట్టుకి జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి సరుకే అనే ముద్ర) వచ్చింది కాని మగ్గాలు ఏటా తగ్గుతున్నాయి. ఆ ఇంటి కోడలు బీకాం చదివింది. వంట అయ్యాక రాట్నం ముందు కూర్చుని మామగారికి కండెలు చుట్టి ఇస్తుంది. ఆమె చేతికి రూపాయి రాదు. సర్వే లెక్కలో ఆమెకి పని ఉన్నట్టే, ఎందుకంటే ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా సాయం చేసేవాళ్లని ఉపాధి ఉన్నవాళ్లలోనే కలుపుతారు. ఆమెని అడిగితే "ఉద్యోగం వెతుక్కుంటున్నాను మాస్టారూ" అంటుంది. స్వయం ఉపాధి అనే గంపలో ఉన్నవాళ్లు 2017-18లో 52 శాతం ఉంటే 2023-24కి 58 శాతం దాటారు. ఆ గంప పెరగడం వల్ల కూడా మొత్తం నిరుద్యోగం తగ్గినట్టు కనిపిస్తోంది.

15 నుంచి 29 ఏళ్ల వాళ్లని విడిగా తీస్తే అదే 2023-24లో 10.2 శాతం. మీ వీధి ఆ లెక్కకి దగ్గర. ఇంకో సంగతి: సూరత్‌లో గది తీసుకుని ఉంటున్న మనవాడు గుజరాత్ లెక్కలోకి పోతాడు. ఊరు ఖాళీ అయ్యేకొద్దీ మన జిల్లాలో నిరుద్యోగం తగ్గినట్టే తేలుతుంది.

అప్పు చేసి పప్పుకూడు తింటే ఇల్లు గుల్లవుతుంది. ప్రభుత్వానికి మాత్రం ఆ సామెత వర్తించదా?

వర్తిస్తుంది, కొంచెం తేడాతో. ఇంటి పెద్దకి వయసు మళ్లుతుంది, సంపాదన ఆగుతుంది, అప్పు తీర్చాల్సిందే. ప్రభుత్వానికి రిటైర్మెంటు లేదు, రాబడి ఏటా పెరుగుతుంది. ఒక చిన్న లెక్క చూడండి. రాష్ట్ర ఉత్పత్తి 400, అప్పు 100 అనుకోండి. అంటే 25 శాతం. ఏడాదిలో ఉత్పత్తి 10 శాతం పెరిగితే 440 అవుతుంది. అప్పు మీద వడ్డీ 7 శాతం, అది కూడా కట్టకుండా అసలులో కలిపేస్తే 107. ఇప్పుడు అప్పు 24 శాతం చిల్లర. కొత్త అప్పు చేయకపోతే, పైసా తీర్చకుండానే భారం తగ్గింది. ఎదుగుదల వడ్డీ కంటే వేగంగా ఉన్నంత కాలం ఈ సూత్రం పనిచేస్తుంది. అది మందగించిందంటే మాత్రం ఇదే లెక్క ఎదురు తిరుగుతుంది.

సామెతలో అసలు కీలకం "పప్పుకూడు" దగ్గర ఉంది. అప్పు తెచ్చి కాలువ తవ్విస్తే నీరు పారి, పంట పండి, పన్ను వస్తుంది. అప్పు తెచ్చి ఈ నెల జీతాలు ఇస్తే వచ్చే నెల మళ్లీ అప్పు కావాలి. రెవెన్యూ లోటు ఉన్న రాష్ట్రాల ఇబ్బంది అదే, ఆంధ్రాకి పట్టుకున్నదీ అదే. కేంద్రం సంగతి కూడా తేలికగా లేదు. 2025-26 బడ్జెట్‌లో మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్లయితే, వడ్డీకే 12.76 లక్షల కోట్లు. నాలుగో వంతు.

ఇంత అప్పు ప్రభుత్వానికి ఇస్తున్నది ఎవరు? ప్రపంచ బ్యాంకా?

ఎక్కువ భాగం మనమే. మీ ఎల్‌ఐసీ ప్రీమియం, మీ బ్యాంకు డిపాజిట్, మీ పీఎఫ్ చుట్టూ తిరిగి ప్రభుత్వ బాండ్లలోకి వెళ్తాయి. రాష్ట్రాల బాండ్లను రిజర్వు బ్యాంకు మామూలుగా మంగళవారాల్లో వేలం వేస్తుంది. విదేశీ అప్పు వాటా చిన్నది. అందుకని "దేశాన్ని తాకట్టు పెట్టేశారు" అనే మాట విని బెంగ పెట్టుకోకండి.

రాష్ట్రం ఎంత కావాలంటే అంత తెచ్చుకోవచ్చా?

కుదరదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకి కేంద్రం అనుమతి తీసుకోవాలని రాజ్యాంగం 293వ అధికరణం చెబుతోంది. ఏడాదికి రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం మామూలు హద్దు. ఈ హద్దు దాటడానికి కొన్ని రాష్ట్రాలు కార్పొరేషన్ల పేరుతో అప్పు తెచ్చి, బడ్జెట్ పుస్తకంలో చూపకుండా దాచేవి. 2022 నుంచి కేంద్రం దాన్ని కూడా రాష్ట్రం అప్పుగానే లెక్కగడుతోంది.

సుభద్ర, ధాన్యం క్వింటాలుకి 3,100, అటు తల్లికి వందనం, 4 వేల పింఛను... ఇవన్నీ దండగ ఖర్చులేనా?

దండగ అని నేను అనను. అనేవాళ్ల ఇళ్లలో ఐదు వేలు లేక ఆగిపోయిన పని ఉండదు. సుభద్ర కింద 21 నుంచి 60 ఏళ్ల మహిళలకి ఏడాదికి 10 వేలు, రెండు విడతల్లో, ఐదేళ్ల పాటు వస్తుంది. 2024 సెప్టెంబరు 17న మొదలైంది. మొదటి విడత పడ్డ రోజు మా పనిమనిషి పాస్‌బుక్ తీసుకొచ్చి నా చేత మూడుసార్లు చదివించుకుంది. ఆ ఐదు వేలతో కూతురి నర్సింగ్ ఫీజు బాకీ కట్టింది. అది దండగెలా అవుతుంది?

లెక్క కూడా చూద్దాం. 2025-26 ఒడిశా బడ్జెట్ 2.90 లక్షల కోట్లు. అందులో సుభద్రకి పెట్టింది 10,145 కోట్లు, అంటే 100 రూపాయల్లో మూడున్నర. రెవెన్యూ మిగులు ఉన్న రాష్ట్రానికి ఇది మోయగల బరువే. రోజువారీ ఖర్చుకే అప్పు తెస్తున్న రాష్ట్రంలో అదే పథకం పెడితే బరువు వేరుగా ఉంటుంది. కాబట్టి పథకం మంచిదా చెడ్డదా అని చూసే ముందు, దాని డబ్బు రాబడిలోంచి వస్తోందా, అప్పులోంచి వస్తోందా అని చూడాలి.

ధాన్యం సంగతి వేరు. 2024-25లో మద్దతు ధర 2,300 మీద రాష్ట్రం 800 కలిపి 3,100 చేసింది. మంచి ధర. కాని మండీలో తాలు ఉందనీ తేమ ఉందనీ చెప్పి క్వింటాలుకి ఇన్ని కిలోలని కోసేస్తారు. మన రైతులు దాన్ని ఒడియా మాటతో "కట్నీ-ఛట్నీ" అంటారు. పర్లాకిమిడి వైపు కౌలు రైతుల కష్టం ఇంకా ఎక్కువ, భూమి కాగితం పేరున లేకపోతే మండీలో ధాన్యం అమ్మే టోకెన్ దొరకడం కష్టం. ధర పెంచిన మేలులో కొంత మండీ గేటు దగ్గరే రాలిపోతోంది.

నా బాధ ఏమిటంటే, ఈ పథకాలు పనికి బదులుగా వస్తున్నాయి. తల్లికి ఐదు వేలు ఇంట్లో పడతాయి, కొడుకు సూరత్‌లో ఉంటాడు.

అటు పింఛను 4 వేలు, ఇటు వెయ్యి. మనకి ఎందుకింత తక్కువ?

ఆంధ్రాలో 2024 జులై నుంచి 4 వేలు. ఇక్కడ మామూలు వృద్ధాప్య పింఛను 2024 ఫిబ్రవరిలో 500 నుంచి 1,000 అయింది. ఉపాధి హామీ కూలీ కూడా అంతే, 2025-26లో అటు రోజుకి 307, ఇటు 273. పింఛను విషయంలో ఒడిశాకి డబ్బు లేక కాదు, ఉండి తక్కువ ఇస్తోంది. ఈ మాట గట్టిగా అడగాల్సిన మాటే. కూలీ రేటు మాత్రం కేంద్రం నిర్ణయిస్తుంది.

కొటియా వైపు ఊళ్లలో ఈ తేడా చేతికి తగులుతుంది. రెండు రాష్ట్రాలూ మావేనంటున్న 21 ఊళ్లు అవి, కొరాపుట్ జిల్లా పొట్టంగి పక్కన. అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆ గిరిజనులు ఎటు ఎక్కువ ఇస్తే అటు మొగ్గుతున్నారని తప్పుపట్టేవాళ్లని చూశాను. దశాబ్దాలు రోడ్డు కూడా వెయ్యని ప్రభుత్వాలకి ఆ మాట అనే హక్కు లేదు.

24 ఏళ్ల తర్వాత ప్రభుత్వం మారింది కదా, ఉద్యోగాలు మారతాయా?

2024లో 147 సీట్లలో బీజేపీకి 78, బీజేడీకి 51, కాంగ్రెస్‌కి 14 వచ్చాయి. జూన్ 12న మోహన్ చరణ్ మాఝీ ముఖ్యమంత్రి అయ్యారు. 2000 మార్చి నుంచి నవీన్ పట్నాయక్ పాలించారు. ఆయన నియోజకవర్గం హింజిలి మన గంజాంలోనే. 24 ఏళ్లు ముఖ్యమంత్రి మన జిల్లా నుంచే ఎన్నికైనా సూరత్ దారి మూసుకోలేదు. ఇది ఆయన మీద కోపంతో రాస్తున్నది కాదు. రూపాయికి కిలో బియ్యం, తుపానుకి ముందే జనాన్ని తరలించడం, ఇవి ఆయన హయాంలో జరిగిన గొప్ప మేళ్లు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మేమంతా ప్రాణాలతో మిగిలాం.

కొత్త ప్రభుత్వం ఖాళీలు నింపుతామంటోంది. నింపితే మంచిదే. కాని రాష్ట్రంలోని పోస్టులన్నీ ఒక్కరోజులో నింపినా ఏటా డిగ్రీ ముగించేవాళ్లలో కొద్దిమందికే సరిపోతాయి. మిగతావాళ్లకి పని పుట్టాలంటే నీటి వసతి, మగ్గానికి మార్కెట్, చేపలూ జీడిపప్పూ ఇక్కడే తయారై ప్యాక్ అయ్యే చిన్న కార్ఖానాలు కావాలి. వాటికి ప్రారంభోత్సవం ఫొటోలు ఉండవు, ఫలితం రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఐదేళ్ల పార్టీకి అంత ఓపిక ఉండాలంటే జనం అడుగుతూనే ఉండాలి.

పెద్ద ఫ్యాక్టరీ వస్తే సరిపోదా?

గోపాల్‌పూర్ గుర్తు చేసుకోండి. 1990ల్లో అక్కడ టాటా స్టీలు ప్లాంటు వస్తుందని వేల ఎకరాలు తీసుకున్నారు. ఊళ్లు లేచిపోయాయి. స్టీలు ప్లాంటు రాలేదు. చాలా ఏళ్ల తర్వాత ఫెర్రోక్రోమ్ యూనిట్, పారిశ్రామిక పార్కు వచ్చాయి. రాయగడ వైపు అల్యూమినా రిఫైనరీ వచ్చింది, కాని ఇలాంటి ప్లాంటుకి పెట్టుబడి వేల కోట్లలో ఉన్నా దానితో పోలిస్తే రెగ్యులర్ ఉద్యోగాలు తక్కువే. భూమి పోయినవాళ్ల పిల్లలు గేటు బయట కాంట్రాక్టర్ దగ్గర కూలీకి నిలబడటం నేను చూశాను.

సూరత్ వలస గురించి ఏ పార్టీ ఎందుకు మాట్లాడదు?

వలస వెళ్లినవాడి ఓటు పోలింగు రోజున ఊళ్లో ఉండదు కాబట్టి. ఉన్నచోటి నుంచే ఓటు వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకి చూపించాలనుకుంది. చాలా పార్టీలు అనుమానాలు లేవనెత్తాయి, అది అక్కడే ఆగింది.

ఇంకా బాధ కలిగించే సంగతి ఉంది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. దానికి బీజం పడింది ఒడిశాలోనే. అడ్వాన్సు ఇచ్చి కూలీలని తోలుకుపోయే దాదన్ పద్ధతిని అదుపు చెయ్యడానికి 1975లో రాష్ట్రం ఒక చట్టం చేసింది, దేశం ఆ దారిలో నడిచింది. 2020లో లాక్‌డౌన్ పెట్టేసరికి సూరత్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో సరైన లెక్క ఏ ప్రభుత్వం దగ్గరా లేదు. అప్పటికి చట్టం ఉండి కూడా రిజిస్టర్ లేదు.

మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు 1954లో కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నారు. బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం తగ్గించిందని మంత్రి పదవి వదులుకున్నారు. కార్మికుడి కోసం పదవి వదిలిన మనిషి ఈ ఊరి వాడు. అందుకే ఈ విషయంలో ఈ ఊరు నోరు మూసుకుని ఉంటే నాకు మనసొప్పదు.

మొదటి ఉద్యోగానికి కేంద్రం 15 వేలు ఇస్తుందట. సూరత్ కుర్రాళ్లకి వస్తుందా?

2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 లోపు మొదటిసారి పీఎఫ్ ఖాతాతో ఉద్యోగంలో చేరినవాళ్లకి, రెండు విడతల్లో 15 వేల వరకు ఇస్తారు. పథకం ఖర్చు 99,446 కోట్లు. మెలిక పీఎఫ్ దగ్గర ఉంది. మీటరు కూలీకి పవర్‌లూము నడిపే మనవాళ్లలో చాలామందికి పీఎఫ్ ఖాతాయే లేదు. చేరే ముందు యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి) నంబరు ఇస్తారా అని అడగండి.

తెలుగు మీడియంలో చదివితే ఒడిశా ప్రభుత్వ ఉద్యోగం రాదా?

వస్తుంది, ఒక షరతు ఉంది. మిడిల్ స్కూలు స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదా ఆ స్థాయి పరీక్ష రాయాలి. బడిలో ఒడియా తీసుకోకపోతే తర్వాత చాలా నష్టపోతారు. తల్లిదండ్రులారా, తెలుగు వదలొద్దు, ఒడియా ఆపొద్దు. అటు ఆంధ్రా ఉద్యోగాల్లో రాజ్యాంగం 371-డి అధికరణం కింద స్థానికులకి ఎక్కువ వాటా ఉంటుంది, మన పిల్లలు స్థానికేతరులుగా మిగిలిన కొద్ది పోస్టులకే పోటీ పడాలి. కులం సర్టిఫికెట్ ఇంకో చిక్కు: అటు బీసీ జాబితాలో ఉన్న కులం ఇటు జాబితాలో లేకపోవచ్చు. దరఖాస్తుకి ముందే తహసీల్దారు ఆఫీసులో తేల్చుకోండి. మా విద్యార్థి ఒకడికి రాత పరీక్షలో మంచి ర్యాంకు వచ్చి కూడా ఒక ఆఫీసులో కాగితం ఐదు నెలలు కదలక సీటు పోయింది.

పరీక్షకి ఇంకో ఏడాది కూర్చోమంటారా, సూరత్ వెళ్లమంటారా?

ఎక్కువమంది అడిగేది ఇదే, నాకు జవాబు చెప్పడం అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే. నిరుడు ఒక కుర్రాడు వచ్చాడు. బీఏ, వయసు 24, రెండుసార్లు పరీక్ష పోయింది. తండ్రికి మగ్గం, తల్లికి షుగర్. నేను అతన్ని మూడు అడిగాను. పోయినసారి కటాఫ్‌కి ఎన్ని మార్కులు తక్కువ? ఇంట్లో ఏడాది గడుస్తుందా? ఒడియా రాతలో తప్పులు ఎన్ని? కటాఫ్‌కి నాలుగు మార్కులు తక్కువ, ఇల్లు గడవదు, ఒడియా వ్యాసం బలహీనం.

నాలుగు మార్కుల దూరంలో ఉన్నవాణ్ణి రైలెక్కమనడానికి నాకు నోరు రాలేదు. అలాగని ఖాళీగా కూర్చోమని కూడా అనలేదు. ఉదయం పూట లెక్కలు రాసే పని ఒకటి బడా బజార్‌లోని తెలిసిన బట్టల షాపులో చూశాం, నెలకి 7 వేలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నా దగ్గర కూర్చుని ఒడియా వ్యాసం రాస్తాడు. ఒడియా దిద్దేది మా ఆవిడ, ఆమె ఛత్రపురంలో ఒడియా బడిలో చదువుకుంది. ఇప్పటికి మూడు నోటు పుస్తకాలు నిండాయి. ఎర్ర సిరా గుర్తులు పేజీకి ముప్పై ఉండేవి, మొన్నటి పేజీలో ఆరు ఉన్నాయి.